ఎనిమిది మంచాల గది, ఒక గురక

నలుగురం కలిసి వెళ్దామనుకున్న ట్రిప్ ఇది. టికెట్లు బుక్ చేసే రోజుకి ముగ్గురమయ్యాం, రైలెక్కే వారానికి నేనొక్కణ్ణే మిగిలాను. ఒకడికి ఆడిట్, ఒకడికి మామగారి షష్టిపూర్తి, మూడోవాడైతే కారణం కూడా చెప్పలేదు, వాట్సాప్ గ్రూపులో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. నాకేమో కాలేజీలో సెలవు శాంక్షన్ అయిపోయింది. మానేద్దామా అని ఇంట్లో అంటే మా ఆవిడ, "వెళ్ళిరండి, నాకూ నాలుగు రాత్రులు నిద్ర పడుతుంది" అంది.

సరదాకి అన్న మాట కాదది. నాకు గురక. పదిహేనేళ్ళ కాపురంలో దాని మీద జరిగినన్ని చర్చలు ఇంటి లోను మీద కూడా జరగలేదు. అలాంటివాణ్ణి, నలభై మూడేళ్ళ వయసులో, కేరళలో వర్కల అనే ఊళ్ళో, సముద్రం ఒడ్డున ఒక హాస్టల్లో, ఎనిమిది మంచాల డార్మ్‌లో ఒక మంచం బుక్ చేసుకున్నాను. డిసెంబరు మొదటి వారం అక్కడ మంచి సీజన్, ఒక్కడికి గది తీసుకుందామంటే రేటు చూసి మనసొప్పలేదు, మంచమైతే రాత్రికి 650. రివ్యూలన్నిట్లో ఒకటే మాట, "ఒంటరిగా వచ్చాను, కుటుంబాన్ని వెంటేసుకుని వెళ్తున్నాను" అని. నాకు కుటుంబం ఉంది, సరిపడా ఉంది, నాలుగు రోజులు ఊరికే కూర్చోడానికి చోటు కావాలంతే. అయినా బుక్ చేశాను.

బయల్దేరే ముందు మందుల షాపుకెళ్ళి చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ డబ్బా ఒకటి కొన్నాను. స్పాంజివి, పది జతలు. నాకు కాదు, పక్కవాళ్ళకి.

మొదటి రోజు

వైజాగ్‌లో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అస్సాంలో డిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారి దాకా 4,000 కిలోమీటర్ల పైన నడుస్తుంది, మన దేశంలో ఇంతకన్నా పొడుగు దారి ఉన్న రైలు లేదు. మా ఊరొచ్చేసరికే అందులోవాళ్ళు దాదాపు రెండు రోజులుగా కాపురం ఉంటున్నారు, కిటికీ కడ్డీలకి తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి, కింద చెప్పులన్నీ కలిసిపోయాయి. ఆ రాత్రి నేను కచ్చితంగా గురక పెట్టే ఉంటాను. పొద్దున్న ఎవరూ ఏమీ అనలేదు, పైగా ఎదురు బెర్త్ ఆయన టీ ఇప్పించాడు. రైల్లో గురకకి ఉన్న మర్యాద ఇంట్లో ఎందుకుండదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొల్లంలో దిగి పాసింజరు పట్టుకుంటే అరగంటలో వర్కల. స్టేషన్ పేరు వర్కల శివగిరి. అక్కణ్ణించి ఆటోలో కొండ అంచుకి వెళ్ళేసరికి బాగా చీకటి పడింది, సముద్రం కనపడలేదు, చప్పుడు మాత్రం వినపడుతోంది. అదీ ఎక్కడో కింద నుంచి. మా బీచ్ రోడ్డులో సముద్రం మనకి సమానంగా ఉంటుంది కదా, ఇక్కడ మేడ మీద నిలబడి వీధిలో జనం మాటలు విన్నట్టుంది.

హాస్టల్ గుమ్మం ముందు ఒక ముప్పై జతల చెప్పులు. లోపల కౌంటర్లో ఒక పుణె అమ్మాయి ఆధార్ కార్డు తీసుకుని నా పేరు రాసుకుంది. తను ఉద్యోగి కాదట, వాలంటీరు. రోజుకి నాలుగైదు గంటలు పని చేస్తే మంచం, టిఫిన్ ఫ్రీ. మిగతా టైములో క్యాట్ పరీక్షకి చదువుకుంటోంది, ఈ ఏడాది పరీక్ష నవంబరు చివర్లోనే రాసేసింది, పోయినట్టేనని తనే తేల్చుకుని వచ్చే ఏడాదికి ఇప్పుడే మొదలెట్టింది. లాకర్ ఉంది గానీ తాళం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నా దగ్గరున్నది సూట్‌కేసు తాళం, వేలి గోరంత, ఆ లాకర్ గొళ్ళేనికి పట్టలేదు. ఆ పిల్లే ఎవరో వదిలేసిపోయిన తాళం ఒకటి ఇచ్చింది, తాళంచెవికి జుట్టుకి పెట్టుకునే రబ్బర్ బ్యాండు కట్టి ఉంది, మణికట్టుకి వేసుకోమంది. నాలుగు రోజులూ పూల రబ్బర్ బ్యాండుతోనే తిరిగాను.

నేను కింద మంచం అడిగాను, ఇచ్చింది పై మంచం. ఇనప నిచ్చెన, సన్నటి గుండ్రటి మెట్లు, ఉత్తి కాళ్ళతో ఎక్కుతుంటే అరికాళ్ళలో ఒక్కో మెట్టూ విడివిడిగా తెలుస్తుంది. రెండు మెట్లెక్కి ఆగి ఊపిరి పీల్చుకుంటుంటే కింద మంచంలో ల్యాప్‌టాప్ పెట్టుకున్న కోల్‌కతా కుర్రాడు లేచి నిలబడ్డాడు. "సర్, మీరు కింద పడుకోండి. దిగేటప్పుడు నా మీద పడతారేమోనని భయంగా ఉంది" అన్నాడు. నేనింకా లెక్కల లెక్చరర్‌నని చెప్పనే లేదు. మనిషిని చూసి సర్ అనేశాడు, అదే ఖాయమైపోయింది. తర్వాత తెలిసింది, ఇక్కడ పేర్లు ఎవరికీ గుర్తుండవు, ఊరి పేరుతోనే పిలుచుకుంటారు. కోల్‌కతా, పుణె, నాసిక్. హాంబర్గ్ నుంచొచ్చిన నర్సమ్మ హాంబర్గే. నేను వైజాగ్ అవ్వాల్సింది, సర్‌నయ్యాను.

తొమ్మిదింటికి కామన్ ఏరియాలో అందర్నీ కూర్చోబెట్టారు. నాకు ఇలాంటివంటే ఒళ్ళు మండుతుంది, కాలేజీలో ఓరియెంటేషన్ క్లాసులే తప్పించుకుంటాను. ఆట ఏమిటంటే ఒక్కొక్కరు తమ గురించి మూడు మాటలు చెప్పాలి, రెండు నిజాలు, ఒకటి అబద్ధం, ఏది అబద్ధమో మిగతావాళ్ళు కనిపెట్టాలి. నా ముందువాళ్ళంతా పెద్దపెద్దవి చెప్పారు, హిమాలయాలు, పాముకాటు, బ్రేకప్పులు. నా వంతు వచ్చేసరికి ఏమీ తోచక, "సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో పుట్టాను. నాకు ఈత రాదు. నేను గురక పెట్టను" అన్నాను.

అందరూ రెండోదే అబద్ధం అన్నారు. సముద్రం పక్కన పుట్టినవాడికి ఈత రాకపోవడమేంటి అని. వైజాగ్ వాళ్ళని అడగండి, మా బీచ్‌లో మునిగిపోయినవాళ్ళ వార్తలు చదువుతూ పెరుగుతాం, మోకాలి లోతు దాటి వెళ్తే అమ్మ కేకలేస్తుంది, ఈత ఎక్కణ్ణించి వస్తుంది. నిజం చెప్పేశాక అందరూ పడీపడీ నవ్వారు, ఒక ఆరుగురు మాత్రం నవ్వలేదు. మా డార్మ్ వాళ్ళు.

సరే ఎలాగూ బయటపడింది కదా అని లోపలికెళ్ళి డబ్బా తెచ్చి తలో జత పంచాను. కుడిచెయ్యి చాపి ప్రసాదం తీసుకున్నట్టు తీసుకున్నారు. ఇద్దరు ముగ్గురు దాన్ని అలాగే చెవిలో కుక్కబోతుంటే హాంబర్గ్ ఆపింది. ఆవిడకి యాభై పైనే ఉంటాయి. ముందు దాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి సన్నటి వత్తిలా నలపాలి, రెండో చెయ్యి తల మీంచి తీసుకొచ్చి చెవిని పైకి లాగి పట్టుకుంటే లోపలి దారి తిన్నగా అవుతుంది, అప్పుడు దూర్చి, అది మళ్ళీ ఉబ్బి నిండేదాకా వేలితో అలాగే ఆపి ఉంచాలి. ఆరుగురూ తల మీంచి చెయ్యి వేసుకుని చెవులు లాక్కుంటూ నిలబడ్డారు, గుంజీళ్ళు తీయబోతున్న పిల్లల్లా. గంట సేపు ఆడించిన ఆటతో రాని చనువు ఆ అర నిమిషంలో వచ్చింది.

రెండో రోజు

ఐదున్నరకి మెలకువ వచ్చింది. పై మంచం ఖాళీ. వరండాలో చూస్తే కోల్‌కతా వల ఉయ్యాలలో ముసుగు తన్ని పడుకున్నాడు. "దోమలే నయమనిపించింది సర్" అన్నాడు, కోపంగా కూడా కాదు, ఏదో సమాచారం ఇస్తున్నట్టు. సిగ్గేసి మాట్లాడకుండా మెట్లు దిగి బీచ్‌కి వెళ్ళిపోయాను.

పొద్దున పూట ఈ బీచ్ విచిత్రంగా ఉంటుంది. మాకు సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, ఇక్కడ వెనకనించి, కొండ చాటునించి వస్తాడు కాబట్టి ఆకాశమంతా తెల్లారిపోయినా ఇసక మీద నీడే ఉంటుంది, ఇసక చల్లగా ఉంటుంది. కెరటాలు దూరంగా ఎండలో విరిగి, నీడలోకి వచ్చి ఆగుతున్నాయి.

దక్షిణం వైపు నడుస్తూ వెళ్తే పాపనాశం. పైన జనార్దనస్వామి గుడి, కింద ఈ రేవు. నారదుడు తన వల్కలాన్ని విసిరితే ఇక్కడ పడిందని, అందుకే వర్కల అయిందని చెబుతారు. వల్కలం అంటే మనకి అర్థం చెప్పక్కర్లేదు కదా, నారబట్ట. గొడుగుల కింద పురోహితులు, వాళ్ళ ముందు అరిటాకులు, బియ్యం, నువ్వులు, దర్భలు. పితృకర్మలకి కేరళ నలుమూలల నుంచి ఇక్కడికే వస్తారు, కర్కాటక అమావాస్య నాడైతే ఇసక కనపడదట. ఇటు వీళ్ళు, అటు రెండు వందల అడుగుల అవతల సర్ఫ్ బోర్డులు చంకన పెట్టుకున్న తెల్లవాళ్ళు. ఒకరినొకరు పట్టించుకోరు.

నేను చూస్తూ నిలబడితే ఒక ముసలాయన నక్షత్రం అడిగాడు. మలయాళంలో అడిగినా ఆ మాట అర్థమైంది. నాన్న పోయి రెండేళ్ళు. ఇక్కడ చేద్దామని అనుకుని రాలేదు, కాని అడిగాక లేదనలేకపోయాను. "విశాఖ" అన్నాను. ఆయన మా ఊరు చెప్తున్నాననుకుని మళ్ళీ అడిగాడు, నాన్నది నిజంగానే విశాఖ నక్షత్రం, ఆ గందరగోళం తీరేసరికి ఇద్దరం నవ్వేశాం. చొక్కా విప్పాలి, ఫోను, పర్సు, కళ్ళజోడు ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే హాంబర్గ్ నడుచుకుంటూ వచ్చింది, ఏమీ అడక్కుండా చేతులు చాపింది. అన్నీ ఆవిడ చేతిలో పెట్టి కూర్చున్నాను. చివర్లో ఆకు నెత్తిన పెట్టుకుని నీళ్ళలోకి వెళ్ళి వదిలి మునగాలి. నేను మోకాళ్ళ లోతులోనే కూర్చుని మునిగాను. లైఫ్‌గార్డు ఈల వేయబోయి మానేశాడు.

తర్వాత పైన టీ కొట్లో కూర్చున్నాం. ఆవిడ చాలాసేపటికి ఒకే ప్రశ్న వేసింది, ఆ నువ్వులు ఎందుకని. నాకు తెలీదని చెప్పాను. నిజంగానే తెలీదు, చిన్నప్పట్నించి చూస్తున్నాను, ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం కోల్‌కతాకి నా మీద కోపం లేదని తేలింది, పైగా నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కారణం, నాది వైజాగ్ అని పుణె చెప్పిందట. వాడు జియాలజీ ఎమ్మెస్సీ, ఈ కొండ చూడ్డానికే వచ్చాడు. "సర్, మీ ఊళ్ళో ఎర్రమట్టి దిబ్బలున్నాయి కదా!" అని కళ్ళు పెద్దవి చేసి అడిగాడు. ఉన్నాయి, భీమిలి దారిలో. కాలేజీ రోజుల్లో పిక్నిక్‌కి వెళ్ళి ఆ గోతుల్లో దాగుడుమూతలు ఆడాం, అంతే తెలుసు. జియలాజికల్ సర్వే వాళ్ళు అదీ, ఈ వర్కల కొండా రెండూ భూవారసత్వ స్థలాలుగా ప్రకటించారట. మా ఊరి ఇసక గురించి నాకు కోల్‌కతావాడు క్లాసు తీసుకోవడం బాగుంది.

కొండ అంచున చెయ్యి పెట్టి చూపించాడు. పైన ఎర్రటి లాటరైట్ రాయి, జల్లెడలా బెజ్జాలు. దాని కింద ఇసకరాయి, బంకమట్టి పొరలు, అక్కడక్కడ నల్లటి బొగ్గు చారలు. వానపడితే నీళ్ళు పై పొరల్లోంచి జారి, బంకమట్టి దగ్గర ఆగిపోయి, దారి లేక పక్కకి, కొండ ముఖంలోంచి ఊటగా బయటికొస్తాయి. ఆ ఊటలు చూడ్డానికి బాగుంటాయి గానీ అవే లోపల్నించి మట్టిని మెత్తబరిచి అంచుల్ని విరగ్గొడుతుంటాయి, కింద నుంచి కెరటాలు తొలుస్తుంటాయి. కేరళ తీరం చాలావరకు చదునే, ఇలా ఏకంగా సముద్రం ఒడ్డునే కొండ నిలబడ్డం ఇక్కడ ప్రత్యేకం. అంత చెప్పి, "అందుకే సర్, కుర్చీ కాస్త ఇటు జరుపుకోండి" అన్నాడు. చూసుకుంటే నా కుర్చీ వెనక కాలు అంచుకి రెండడుగుల్లో ఉంది.

అప్పుడే సూర్యుడు సముద్రంలో దిగుతున్నాడు. నలభై మూడేళ్ళుగా పైకి రావడమే చూశాను. దిగడం ఇంకా తొందరగా అయిపోయినట్టనిపించింది, కాదట, కోల్‌కతా చెప్పాడు, రెండూ ఒకటే. ఉండనీ.

మూడో రోజు

సర్ఫింగ్ క్లాసు. ఈత రానివాడివి నీకెందుకురా అంటే, నాసిక్ వాళ్ళిద్దరూ బుక్ చేసుకుని ఒకడికి కడుపు చెడి ఆ చోటు ఖాళీ అయింది, డబ్బులు కట్టేశారు, సర్ మీరు రండి అన్నారు. నడుం లోతులోనే నేర్పిస్తాం, బోర్డు కాలికి తాడుతో కట్టి ఉంటుంది, తేలుతూనే ఉంటుంది అని ట్రైనర్ అన్నాడు. ఈత తప్పనిసరిగా వచ్చి ఉంటేనే వెళ్ళాలని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే అంటాను. వెళ్ళాను మాత్రం.

ముందు ఇసకలో అరగంట. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేసినట్టు వెనక్కి తోయడం, ఛాతీ పక్కన చేతులు ఆనించి ఒక్క ఊపున లేచి రెండు కాళ్ళ మీద నిలబడ్డం. ఇసకలో నేను బానే లేచాను, నాసిక్ చప్పట్లు కూడా కొట్టాడు. నీళ్ళలో పదకొండు కెరటాలకి పదకొండుసార్లు పడ్డాను. లెక్క పెట్టాను కాబట్టి చెప్తున్నాను. పన్నెండోసారి లేవడం మానేసి బోర్లా పడుకునే ఉన్నాను, కెరటం వెనకనించి ఎత్తి పట్టుకుని తోసుకుంటూ తీసుకెళ్ళింది, గడ్డం కింద నీళ్ళు బుసబుసలాడుతున్నాయి, ఇసక మీదికి వచ్చి బోర్డు ఆగేదాకా అలాగే వచ్చాను. అది సర్ఫింగ్ కాదని ట్రైనర్ అన్నాడు. కాకపోతే కాకపోయింది.

ఆ ట్రైనర్ పిల్లాడు చెప్పినవాటిలో అందరికీ పనికొచ్చేది ఒకటుంది. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ వెనక్కి పోవాలి కదా, అవి ఒక సన్నటి దారి చేసుకుని జోరుగా పోతాయి. ఆ దారిలో కెరటాలు విరగవు, చూడ్డానికి అక్కడే ప్రశాంతంగా ఉంటుంది, తెలియనివాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డు వైపు కొట్టుకోకూడదు, ఎంత కొట్టుకున్నా ఓడిపోతాం. పక్కకి, ఒడ్డుకి సమాంతరంగా జరగాలి, ఆ దారి వెడల్పు తక్కువే కాబట్టి బయటపడతాం. ఎర్ర జెండా ఉన్నచోట అసలు దిగొద్దు. మా బీచ్‌లో పోయినవాళ్ళలో ఎంతమందికి ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటారో.

మధ్యాహ్నం ఛాతీ, మోచేతులు చెక్కుకుపోయి మండుతుంటే మంచం మీద పడున్నాను. నాలుగున్నరకి వాన. చినుకుల్లేవు, హెచ్చరిక లేదు, ఒక్కసారిగా కురిసింది. మిద్దె మీద దండేల నిండా హాస్టల్ మొత్తం బట్టలు, దుప్పట్లు. పుణె మెట్ల మీంచి కేకేసింది, అంతే, ఎక్కడివాళ్ళక్కడ లేచి పరిగెత్తాం. ఎవరి బట్టలు ఎవరు తీస్తున్నారో చూసే టైము లేదు, క్లిప్పులు ఊడి కాళ్ళ కింద పటపటలాడుతున్నాయి, రోజంతా ఎవరితో మాట్లాడకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనిచేసుకునే బెంగళూరు అబ్బాయి నా పంచెని తల మీద కప్పుకుని దుప్పట్లు మోస్తున్నాడు. కామన్ ఏరియాలో తెచ్చి పోస్తే నడుమెత్తు గుట్ట అయింది.

కరెంటు పోయింది. గుట్ట చుట్టూ కూర్చుని ఫోను లైట్ల వెలుతుర్లో విడదీయడం మొదలుపెట్టాం. "ఈ నీలం షార్టు ఎవరిది?" "ఒంటి సాక్సు, పసుపుది, పాట మొదలెడుతున్నాం, ఒకటోసారి, రెండోసారి..." ఈ వేలంపాట గంటన్నర నడిచింది. ఎవరి కథలు వాళ్ళు అప్పుడు చెప్పుకున్నారు, చేతుల్లో మడతపెట్టే పని ఉంటే మనిషి మొహం చూడకుండా మాట్లాడొచ్చు కదా. బెంగళూరు అబ్బాయి ఉద్యోగం పోయి రెండు నెలలైంది, ఇంట్లో చెప్పలేదు, పొద్దుటినుంచి రాత్రి దాకా ఆ ల్యాప్‌టాప్‌లో పంపిస్తున్నవి అప్లికేషన్లు. ఈ మాట వాడు ఒక దుప్పటి నాలుగు కొసలు కలుపుతూ, రెండో పక్క పట్టుకున్న నాతో అన్నాడు. నేనేమీ అనలేదు, కొసలు కలిపి ఇచ్చాను. మర్నాడు పొద్దున్న వాడే నా పక్కన వచ్చి కూర్చుని పుట్టు తిన్నాడు, బియ్యప్పిండి, కొబ్బరి కలిపి ఆవిరి మీద చేసే కేరళ టిఫిన్.

నాలుగో రోజు

నలుగురం కలిసి ఆటో మాట్లాడుకుని అంజెంగో వెళ్ళాం, పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో. దారిలో శివగిరి దగ్గర ఆగాం. శ్రీనారాయణ గురు 1928లో సమాధి అయిన చోటు. కులం పేరుతో గుళ్ళలోకి రానివ్వని రోజుల్లో, మనిషికి ఒకే కులం, ఒకే మతం, ఒకే దేవుడు అన్నాయన. ఠాగూర్ 1922లో, గాంధీ 1925లో ఇక్కడికొచ్చి ఆయన్ని కలిశారు. ఠాగూర్ వచ్చాడనేసరికి కోల్‌కతా చెప్పులు విప్పి మెట్లన్నీ గబగబా ఎక్కేశాడు, పైన చాలా శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. మాలో ఎవరికీ ఫొటో తీయాలనిపించలేదు.

అంజెంగో అసలు పేరు అంచుతెంగు, అంటే అయిదు కొబ్బరిచెట్లు. తెంగ అంటే కొబ్బరి అని ఆటో ఆయన చెప్తుంటే నాకు టెంకాయ గుర్తొచ్చింది. మనం టెంకాయ కొట్టినప్పుడల్లా సగం మలయాళం మాట్లాడుతున్నామన్నమాట. కోట చిన్నది, చదరంగా ఉంది, లోపల పచ్చగడ్డి తప్ప ఏమీ లేదు. ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1695లో కట్టారు, మిరియాల కోసం. 1721లో కానుకలు పట్టుకుని ఆట్టింగల్ రాణి దగ్గరికి బయల్దేరిన కంపెనీ మనుషుల మీద స్థానికులు తిరగబడి 140 మంది దాకా చంపేశారు, తర్వాత నెలల తరబడి ఈ కోటని ముట్టడించారు. ప్లాసీ యుద్ధానికి 36 ఏళ్ళ ముందు సంగతి. కోట గోడ మీద పిల్లలు గాలిపటం ఎగరేస్తున్నారు, దాని తాడు చెట్టుకి చిక్కుకుంటే హాంబర్గ్ తీసిచ్చింది, ఆవిడే మాలో పొడుగు.

ఆ సాయంత్రం పుణెకి డ్యూటీ లేదు. పుస్తకం పట్టుకుని వచ్చి, పెర్ముటేషన్లు బుర్రకెక్కట్లేదు సర్ అంది. ఫార్ములాలు పక్కన పెట్టమన్నాను. మా డార్మ్ చూపించాను. నాలుగు బంకులు, కింద నాలుగు, పైన నాలుగు, మొత్తం ఎనిమిది మంచాలు, ఎనిమిది మంది. ఎన్ని రకాలుగా పడుకోవచ్చు? మొదటివాడికి ఎనిమిది ఛాయిస్‌లు, రెండోవాడికి ఏడు, అలా గుణించుకుంటూ పోతే 40,320. సరే, గురకాయన పై మెట్లు ఎక్కలేడు, కింద మంచమే కావాలన్నాడు. ఆయన్ని ముందు పడుకోబెట్టు. ఆయనకి నాలుగు ఛాయిస్‌లు, మిగతా ఏడుగురు ఎలా పడుకున్నా సరే, 5,040. గుణిస్తే 20,160. "సగం" అంది. సగమే ఎందుకైందో ఆలోచించమన్నాను, అర నిమిషం తర్వాత మొహం వెలిగింది, కింద సగం మంచాలే కదా!

ఈలోగా చుట్టూ ఐదారుగురు చేరారు. కోల్‌కతా చెయ్యెత్తి అడిగాడు, "ఇద్దరు గురకవాళ్ళుంటే? ఇద్దరూ ఒకే బంకులో ఉండకూడదు." మంచి లెక్క. తిన్నగా చెయ్యొద్దు, ఉండకూడనివి తీసేయండి అన్నాను. ఒకే బంకులో ఇద్దరూ పడాలంటే బంకు ఎంచుకోడానికి నాలుగు, కిందెవరు పైనెవరు అన్నదానికి రెండు, మిగతా ఆరుగురికి 720, మొత్తం 5,760. అది 40,320లోంచి తీస్తే 34,560. పుణె టిష్యూ పేపరు మీద చేసి నాకంటే ముందు చెప్పింది. ఇరవై రెండేళ్ళుగా పాఠం చెప్తున్నాను, క్లాసులో ఎప్పుడూ ఎవరూ అదనంగా ఒక లెక్క అడిగిన పాపాన పోలేదు.

ఆ రాత్రి కోల్‌కతా వల ఉయ్యాలకి వెళ్ళలేదు. పైనే పడుకున్నాడు. రెండింటికి ఒకసారి మంచం కిందికి కాలు చాపి నా భుజం మీద తట్టాడు, నేను పక్కకి తిరిగాను. ముందే కుదుర్చుకున్న ఒప్పందం. ఇంట్లో ఇది మోచేత్తో జరుగుతుంది.

ఐదో రోజు

పదకొండుకి ఖాళీ చెయ్యాలి. పక్క దుప్పటి, దిండు గలీబు మనమే తీసి కౌంటర్ పక్కన బుట్టలో వెయ్యాలి. వేశాను. తాళం, పూల రబ్బర్ బ్యాండు పుణెకి ఇచ్చేశాను. హాంబర్గ్ పొద్దున్నే మున్నార్ బస్సుకి వెళ్ళిపోయింది, నా మంచం మీద చిన్న చీటీ పెట్టింది, నువ్వుల గురించి ఎవరినైనా అడిగి తెలుసుకుని మెసేజ్ పెట్టమని నంబరు రాసింది. బెంగళూరు అబ్బాయి ఏదో ఇంటర్వ్యూ కాల్‌లో ఉన్నాడు, అద్దం అవతలనించి చెయ్యి ఊపాడు, పైన ఇస్త్రీ చొక్కా, కింద నీలం షార్టు. ఆ షార్టు ఎవరిదో తేలింది.

నా మంచంలోకి కొత్తవాడు వచ్చాడు. కోయంబత్తూరు కుర్రాడు, రాత్రంతా బస్సులో వచ్చి కళ్ళెర్రగా ఉన్నాయి, వీపు మీద వాడంత బ్యాగు. కోల్‌కతా ఇంటి పెద్దలాగా నియమాలు అప్పజెప్తున్నాడు, గీజరు స్విచ్చి తలుపు వెనక ఉంది, నిచ్చెనకి మూడో మెట్టు కదులుతుంది, కొండ అంచున కుర్చీ వేసుకోకు. "ఇన్నాళ్ళూ గురకతో కష్టపడ్డాం, సర్ వెళ్ళిపోతున్నారు, నీ అదృష్టం" అన్నాడు.

కోయంబత్తూరు బ్యాగు కింద పెట్టి, నేల చూస్తూ, "నాకు కూడా ఉందని మా అమ్మ అంటుంది" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. కోల్‌కతా నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. "సర్, ఆ డబ్బా ఇచ్చి వెళ్ళండి."

బ్యాగు విప్పి తీసి చూశాను. మొదటి రోజు ఆరు జతలు పంచాను, మధ్యలో వచ్చినవాళ్ళకి రెండు, సర్ఫింగ్‌కి చెవిలో పెట్టుకుని సముద్రంలో పోగొట్టిన నాసిక్‌కి ఇంకోటి. ఒకే ఒక్క జత మిగిలింది. పాతవి ఎవరి దగ్గరా లేవట. గదిలో కోయంబత్తూరు కాక ఆరుగురు, జత ఒకరికే.

కౌంటర్ వెనకనించి పుణె తలెత్తకుండానే అంది, "సిక్స్ సి వన్, సర్."